పరదేశంలో బ్యాంకు ఖాతా: తెరవడం నుండి మూసే వరకు

(మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో సంక్షేమ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లా హిర్రహ్మా నిర్రహీమ్.



ప్రతి ఏటా ఈ సమావేశంలో పిల్లల చదువుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా గురించి మాట్లాడుకుంటున్నాము. ఈసారి పరదేశంలో నిలువ ఉండే మన డబ్బు గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు మమ్ములను కోరారు. అందుకు కారణం లేకపోలేదు. 1973లో చమురు ధర పెరిగిన తరువాత జోరందుకున్న గల్ఫు ప్రయాణం ఈనాటికీ ఆగలేదు. హైదరాబాదు పాతబస్తీ నుండి, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ల నుండి, కడప, రాయచోటి ల నుండి మనవాళ్ళు వెళుతూనే ఉన్నారు. రిజర్వు బ్యాంకు వారి సర్వే ప్రకారం 2023-24లో విదేశాల నుండి మన దేశానికి వచ్చిన ప్రతి నూరు రూపాయలలో సుమారు ఎనిమిది తెలంగాణకు, నాలుగుకు పైచిలుకు ఆంధ్రప్రదేశ్ కు చేరినవి. ఇందులో అమెరికా డబ్బూ ఉంది, ఎండలో ఇనుప చువ్వలు మోసిన వాడి డబ్బూ ఉంది.

ఇంత డబ్బు సంపాదించే మనవాళ్ళలో అక్కడి బ్యాంకు ఖాతాను శ్రద్ధగా చూసుకునేవారు మాత్రం తక్కువ. "జీతం పడిందా, తీసుకున్నామా, ఇంటికి పంపామా" అంతే. మేము ఈరోజు చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. పరదేశంలో ఖాతా తెరిపించేది కంపెనీ. నడిపేది మనము. మూయవలసినదీ మనమే. ఆ ఖాతా ఉన్నదని ఇంటివారికి తెలియజేసే బాధ్యత కూడా మనదే. డబ్బు సంపాదించినవాడి చేతిలో ఉన్నా అది భార్యాబిడ్డల అమానత్ అని మరువరాదు.

వెళ్ళకముందు చేయవలసిన పని

ఉద్యోగం కోసం దేశం విడిచిన రోజు నుండే విదేశీ మారకద్రవ్య చట్టం, అంటే 1999 నాటి ఫెమా చట్టం, మనలను నాన్ రెసిడెంట్ గా చూస్తుంది. అందుచేత ఊరిలో ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాను అట్లాగే ఉంచరాదు. బ్యాంకుకు వెళ్ళి దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ఊరిలోని ఇంటి అద్దె, పొలం కౌలు వంటివి అందులో వేసుకోవచ్చును. అక్కడి జీతం పంపుకొనుటకు ఎన్.ఆర్.ఇ. ఖాతా వేరుగా తెరవాలి. ఈ రకం ఖాతా 1970 నుండి ఉన్నదే, కొత్తదేమీ కాదు.

రెండింటికీ తేడా ఏమిటని అడుగుతారు. ఎన్.ఆర్.ఇ. లోని సొమ్మును మళ్ళీ ఎప్పుడైనా విదేశానికి తీసుకుపోవచ్చు. దానిపై వచ్చే వడ్డీకి, మనం నాన్ రెసిడెంట్ గా ఉన్నంతకాలం, ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. ఎన్.ఆర్.ఓ. వడ్డీ మీద మాత్రం నూటికి ముప్పై చొప్పున, పైన సెస్సుతో కలిపి, బ్యాంకువారే ముందుగా పన్ను కోసుకుంటారు.

ఇక్కడ కొందరు సోదరులు అడగబోయే ప్రశ్న మాకు తెలుసు. వడ్డీ మాకు వద్దు గదా, ఏమి చేయాలి? ఎన్.ఆర్.ఇ. ఖాతాను కరెంటు ఖాతాగా కూడా తెరవవచ్చు, దానికి వడ్డీ రాదు. అయితే కనీస నిలువ కొంచెం ఎక్కువ అడుగుతారు. గల్ఫులో ఇస్లామీ పద్ధతి బ్యాంకులు చాలా ఉన్నవి. దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు 1975లోనే మొదలైంది. మన దేశంలో ఆ పద్ధతి బ్యాంకులు లేవు. సేవింగ్స్ ఖాతాలో వచ్చిపడిన వడ్డీని ఏమి చేయాలో మీ మస్జిదు ఇమాము గారిని, ఆలిములను అడిగి తెలుసుకోండి. అది మేము తీర్పు చెప్పే విషయము కాదు. కాని నిలువ సొమ్ము గల్ఫులో ఉన్నా, గుంటూరులో ఉన్నా నిసాబు దాటి ఏడాది నిండితే జకాత్ లెక్కలోకి వస్తుందని మాత్రం గుర్తు చేయుచున్నాము.

ఎన్.ఆర్.ఇ. ఖాతాలో ఊరిలో ఉన్న భార్యను గాని, తల్లిదండ్రులను గాని రెండవ పేరుగా చేర్చవచ్చు. ఈ వీలు 2011 నుండి ఉన్నది. మొదటి వ్యక్తి జీవించి ఉన్నంతకాలం రెండవవారు పవర్ ఆఫ్ అటార్నీ మీద మాత్రమే ఖాతాను నడపగలరు. ఆయన తదనంతరం ఖాతా వారికి వస్తుంది. అదేరోజు నామినీ పేరు కూడా రాయించండి. 2025 నవంబరు 1 నుండి ఒక్కొక్క ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది. అయితే నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే గాని, డబ్బంతటికీ యజమాని కాదు. అందుకున్న సొమ్ము వారసత్వ నియమం ప్రకారం హక్కుదారులందరికీ పంచవలసినదే.

అక్కడికి చేరిన తరువాత

జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలనే పద్ధతి యు.ఎ.ఇ.లో 2009లో, సౌదీలో 2013లో, ఖతార్ లో 2015లో వచ్చింది. ఇది కూలివాడికి పెద్ద అండ. ఏ నెల జీతం ఎంత పడిందో, ఏ నెల పడలేదో బ్యాంకు కాగితమే సాక్ష్యం చెపుతుంది. రేపు లేబరు కోర్టుకు పోవలసివస్తే నోటిమాట కన్నా ఆ కాగితం నూరు రెట్లు పనికివస్తుంది. కనుక మూడు నెలలకొకసారి స్టేట్ మెంటు తీసుకొని దాచండి. ఫోనులో దాచితే ఇంటికి కూడా ఒక కాపీ పంపండి. ఫోను పోతే సాక్ష్యమూ పోకూడదు గదా.

మరొక విషయము. చాలామందికి కంపెనీ ఇచ్చేది జీతం కార్డు మాత్రమే, పూర్తి ఖాతా కాదు. జీతం తీసుకోవడానికి అది చాలు. కాని నిలువ దాచుకొనుటకు, ఇంటికి నేరుగా పంపుటకు పూర్తి ఖాతా ఉంటే మేలు. మీకు ఇచ్చినది ఏదో మొదటి నెలలోనే అడిగి తెలుసుకోండి. పూర్తి ఖాతా అయితే కనీస నిలువ ఎంత, అది తగ్గితే నెలకు ఎంత కోస్తారు అని కూడా అడగండి. నెలనెలా కోసే చిన్న మొత్తం రెండేళ్ళలో ఒక పండుగ ఖర్చంత అవుతుంది.

ఖాతా విషయంలో మూడు పనులు చేయవద్దని మా మనవి.

మొదటిది, మన ఖాతాలో ఇతరుల డబ్బు పడనివ్వవద్దు. గదిలో తోటివాడు "భాయ్, నా ఇఖామా గడువు అయిపోయింది, ఈ ఒక్కసారి నీ ఖాతాలో వేయించుకుంటాను" అంటాడు. మంచివాడే కావచ్చు. కాని ఆ డబ్బు ఎక్కడిదో మనకు తెలియదు. పోలీసులు వచ్చి అడిగేది ఖాతా ఎవరి పేరున ఉన్నదో వారినే. కష్టంలో ఉన్నవాడికి మన జేబులోనుండి అప్పు ఇవ్వండి. ఖాతా ఇవ్వవద్దు, కార్డు ఇవ్వవద్దు, పిన్ నంబరు అసలే చెప్పవద్దు.

రెండవది, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టవద్దు. యు.ఎ.ఇ.లో 2022 జనవరి 2 నుండి, ఖాతాలో డబ్బు చాలక తిరిగివచ్చిన చెక్కుకు చాలా సందర్భాలలో జైలు కేసు లేకుండా చట్టం మార్చారు. కాని దాని అర్థం చెక్కుకు విలువ పోయిందని కాదు. తిరిగివచ్చిన చెక్కుతోనే నేరుగా వసూలు కోర్టుకు పోవచ్చు, దేశం విడిచి పోకుండా ఆపించవచ్చు.

మూడవది, హామీ సంతకం. తోటివాడి లోనుకు మనం హామీ అంటే అది మన అప్పే. ఊరిలోనైతే నలుగురు పెద్దమనుషులు కూర్చుని సర్దుబాటు చేస్తారు. అక్కడ బ్యాంకు సర్దుబాటు చేయదు.

పంపేటప్పుడు

డబ్బు పంపేటప్పుడు ఫీజు ఎంత అని మాత్రమే అడిగేవారు చాలామంది. అడగవలసినది, "ఇక్కడ ఇంత ఇస్తే అక్కడ చేతికి ఎన్ని రూపాయలు వస్తాయి?" అని. ఒక దిర్హమ్ కు రేటులో ఇరవై పైసల తేడా ఉన్నదనుకోండి. 2,000 దిర్హమ్ లు పంపితే 400 రూపాయల తేడా. నెలనెలా పంపితే రెండేళ్ళకు 9,600 రూపాయలు. ఫీజు లేదని బోర్డు పెట్టినచోట రేటులోనే లాగుతుండవచ్చు.

రేటు పెరుగుతుందని నెలల తరబడి ఆపి ఉంచేవారూ ఉన్నారు. యు.ఎ.ఇ. దిర్హమ్ 1997 నుండి ఒక డాలరుకు 3.6725గా, సౌదీ రియాల్ 1986 నుండి 3.75గా కట్టుబడి ఉన్నవి. కనుక డాలరు ముందు మన రూపాయి ఎటు పోతే ఇవీ అటే. అది ఎటు పోతుందో పండితులకే అంతుబట్టదు. ఇంటి ఖర్చు, అప్పుల కంతు ఏ నెలకు ఆ నెల పంపండి. రెండు మూడు నెలల తిండికి, తిరుగు టికెట్టుకు సరిపడా అక్కడి ఖాతాలో ఉంచండి. ఉద్యోగం ఒక్కసారిగా పోయిననాడు అదే దిక్కు.

హుండీ, హవాలా సంగతి కూడా చెప్పక తప్పదు. రెండు పైసలు ఎక్కువ వస్తాయని ఆశపడితే, డబ్బు చేరకపోయినా అడిగే రశీదు ఉండదు. చట్టం దృష్టిలో అది నేరం. రేపు ఊరిలో స్థలం కొని రిజిస్ట్రేషను చేయించేటప్పుడు ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే చూపుటకు కాగితం ఉండదు. బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముకు మాత్రం ప్రతి పైసాకు లెక్క ఉంటుంది.

ఇంటివారికి చెప్పండి

మా సంక్షేమ విభాగం దగ్గరకు వచ్చే అర్జీలలో మనసును ఎక్కువగా కలచివేసేవి ఇవి. ఒక సోదరి వచ్చింది. భర్త గల్ఫులో గుండె ఆగి మరణించాడు. జనాజా ఊరికి చేరింది. సామానుతో పాటు ఒక పాస్ పోర్టు, ఒక బ్యాంకు కార్డు వచ్చాయి. ఆయనకు ఎంత జీతమో ఆమెకు తెలియదు. బ్యాంకులో ఎంత ఉన్నదో తెలియదు. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరు ఎంత ఇవ్వాలో తెలియదు. దహనీయమైన దుఃఖంలో ఉండగానే అప్పులవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చారు.

అక్కడి ఖాతాదారు మరణించినట్లు బ్యాంకుకు తెలిసిన వెంటనే ఖాతాను స్తంభింపజేస్తారు. మన దేశంలో మాదిరి నామినీ కాగితం చూపి తీసుకోవచ్చు అనుకోరాదు. వారసులెవరో కోర్టు తేల్చాలి. ఇక్కడ వారసత్వ ధ్రువపత్రం తీయించాలి, దానిని ప్రభుత్వం చేత ధ్రువీకరింపజేయాలి, అరబీలోకి తర్జుమా చేయించాలి, అక్కడ మన తరఫున నిలబడేవారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. కంపెనీ ఇవ్వవలసిన బాకీలు మన రాయబార కార్యాలయం ద్వారా జిల్లా కలెక్టరు గారికి వచ్చి, అక్కడినుండి వారసులకు అందే పద్ధతి కూడా ఉన్నది. ఇవన్నీ నెలల తరబడి సాగే పనులు. అసలు ఏ బ్యాంకో, ఏ నంబరో తెలియనివారికి మొదటి అడుగే పడదు.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. కంపెనీ పేరు, అక్కడి చిరునామా, బ్యాంకు పేరు, బ్రాంచి, ఖాతా నంబరు, ఇఖామా లేక సివిల్ ఐడి నంబరు, జీతం ఎంత, ఎవరికి ఎంత అప్పు ఉన్నాము, ఎవరు మనకు ఎంత ఇవ్వాలి, ఇన్సూరెన్సు ఉంటే దాని వివరం, నమ్మదగిన ఇద్దరు మిత్రుల ఫోను నంబర్లు రాయండి. పిన్ నంబరు రాయవద్దు. ఒకటి భార్య దగ్గర, ఒకటి తండ్రి దగ్గరో అన్న దగ్గరో ఉంచండి. ఏడాదికొకసారి, రమజానులో జకాత్ లెక్క చూసేటప్పుడే దీనినీ సరిచేయండి. అప్పును రాసిపెట్టుకోవాలన్న ఆజ్ఞ ఖుర్ఆన్ షరీఫ్ లోని అన్నింటికంటే పొడవైన ఆయత్ లో ఉన్నదని మనందరికీ తెలుసు. మరణించినవాడి అప్పు తీరిన తరువాతనే వారసుల వాటా అని కూడా తెలుసు. తెలిసినది కాగితం మీద పెట్టడమే మిగిలింది.

"ఆడవాళ్ళకు డబ్బు లెక్కలెందుకు" అనే పెద్దలు ఇంకా ఉన్నారు. వారికి మా జవాబు ఇది: మీరు లేనప్పుడు ఇల్లు నడుపుతున్నది ఆమే. సగం లెక్క ఆమె దగ్గరే ఉన్నది. మిగతా సగం కూడా చెప్పండి.

తిరిగి వచ్చేటప్పుడు

వీసా రద్దు చేసి శాశ్వతంగా వచ్చేయడాన్ని సౌదీలో "ఫైనల్ ఎగ్జిట్" అంటారు. ఈ సమయంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. సంచులు సర్దుకునే హడావుడిలో ఖాతా సంగతి మరిచిపోతారు.

ముందుగా మనకు రావలసినది తెలుసుకోవాలి. యు.ఎ.ఇ.లో ఏడాది సర్వీసు నిండినవారికి మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపై ఏడాదికి 30 రోజులది గ్రాట్యుటీగా వస్తుంది. మూల వేతనం 1,500 దిర్హమ్ లైతే రోజుకు 50, ఏడాదికి 1,050, నాలుగేళ్ళకు 4,200 దిర్హమ్ లు. పని ముగిసిన 14 రోజులలోగా ఇవ్వాలి. సౌదీలో మొదటి ఐదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, ఆపై ఏడాదికి నెల జీతం. తానుగా రాజీనామా ఇచ్చినవారికి మాత్రం రెండేళ్ళు నిండకపోతే రాదు, ఐదేళ్ళ లోపైతే మూడింట ఒక వంతే వస్తుంది. ఇళ్ళలో పనిచేసేవారికి వేరే చట్టాలు ఉన్నవి.

ఆ సొమ్ము ఖాతాలో పడి, మీ కళ్ళతో చూసిన తరువాతనే విమానం ఎక్కే ప్రయత్నం చేయండి. ఇఖామా గడువు తీరితే సౌదీ బ్యాంకు ఖాతాను ఆపివేస్తుంది. ఊరికి వచ్చాక అక్కడి సిమ్ము రద్దయితే, బ్యాంకు పంపే సంకేత సంఖ్య మీకు చేరదు. మీ డబ్బే అయినా తలుపు తాళం పడినట్లే.

క్రెడిట్ కార్డు, లోను ఉంటే ముందు అవి తీర్చాలి. ఆఖరి జీతం, గ్రాట్యుటీ పడగానే లోను బాకీ కింద బ్యాంకు ఆపి ఉంచవచ్చు. కార్డును కత్తిరించి పారేస్తే ఖాతా మూసినట్లు కాదు. బాకీ లేదని, ఖాతా మూసివేశామని బ్యాంకు చేత కాగితం తీసుకోండి. ఆ కాగితాన్ని పాస్ పోర్టుతో సమానంగా దాచండి.

"ఊరికి వచ్చేస్తే ఎవరు పట్టుకుంటారు" అనేవారికి ఒక మాట. 2020 జనవరి 17న భారత ప్రభుత్వం సివిల్ ప్రొసీజర్ కోడు 44ఎ సెక్షను కింద యు.ఎ.ఇ.ని గుర్తించింది. అప్పటినుండి అక్కడి సివిల్ కోర్టు ఇచ్చిన డబ్బు డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో అమలు పెట్టవచ్చు. అప్పు సముద్రం దాటి వస్తుంది. చట్టం మాట అట్లుంచితే, అప్పు ఎగవేత మన దీనులో ఎంత పెద్ద బరువో మేము చెప్పనక్కరలేదు.

ఊరికి చేరిన తరువాత

స్థిరపడుటకు తిరిగి వచ్చిన వెంటనే ఇక్కడి బ్యాంకుకు తెలియజేయాలి. ఎన్.ఆర్.ఇ. ఖాతాను మామూలు ఖాతాగా మారుస్తారు. విదేశీ కరెన్సీలోనే ఉంచదలచినవారు ఆర్.ఎఫ్.సి. అనే ఖాతాలోకి మార్చుకోవచ్చు. వచ్చాక కూడా ఎన్.ఆర్.ఇ. ఖాతాను అట్లాగే నడుపుతూ, వడ్డీకి పన్ను లేదనుకోవడం తప్పు.

అక్కడి ఖాతాను ఉంచుకోవడం నేరమా అని అడుగుతారు. కాదు. బయట ఉన్నప్పుడు న్యాయంగా సంపాదించినది బయటనే ఉంచుకునేందుకు ఫెమా చట్టం ఒప్పుకుంటుంది. కాని ఇక్కడ పూర్తి రెసిడెంట్ అయిన తరువాత ఆదాయపు పన్ను రిటర్నులో ఆ ఖాతాను చూపాలి, ఆదాయం లేకపోయినా సరే. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా ఉన్నది. ఇల్లు, స్థలం కాక మిగిలిన విదేశీ ఆస్తులన్నీ కలిపి ఇరవై లక్షలు మించనివారికి 2024 అక్టోబరు 1 నుండి ఆ జరిమానా లేకుండా సడలించారు. సడలింపు జరిమానాకే గాని చూపవలసిన బాధ్యతకు కాదు. యు.ఎ.ఇ., సౌదీ దేశాలు 2018 నుండి ఖాతాల సమాచారం ఇతర దేశాలతో పంచుకుంటున్నవి. రెసిడెంట్ ఎప్పుడు అవుతారనేది ఎన్నేళ్ళు బయట ఉన్నారనే దాన్నిబట్టి ఉంటుంది గనుక ఒకసారి ఆడిటరును కలవండి.

తిరిగి వెళ్ళే ఉద్దేశం లేనివారికి మా సలహా మాత్రం సూటిగా ఉంటుంది. చిన్న నిలువ కోసం అక్కడ ఖాతాను వేలాడదీయవద్దు. మూసి రండి.

సభ్యులారా, ఈ విషయాలలో చట్టాలు మారుతుంటాయి. వెళ్ళేముందు, వచ్చేముందు ఒకసారి బ్యాంకులో అడిగి నిర్ధారించుకోండి. మా వంతుగా, పైన చెప్పిన వివరాల కాగితాన్ని ఖాళీలతో అచ్చువేయించి ఈ సభలోనే పంచుచున్నాము. గల్ఫులో మనిషి ఉన్న ప్రతి ఇంటివారూ ఒకటి తీసుకుపోండి. ఈ జుమ్మా రోజు ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక్కొక్క గడి అడిగి నింపించండి. మొదట విసుక్కుంటారు. విసుక్కున్నా వదలవద్దు.

పరదేశంలో చెమటోడ్చుచున్న మన బిడ్డలందరినీ అల్లాహ్ తఆలా క్షేమంగా ఉంచాలని, వారి సంపాదనలో బర్కత్ ప్రసాదించాలని, వారు నిండు చేతులతో, తేలికైన మెడతో ఇల్లు చేరాలని దుఆ చేయుచు సెలవు తీసుకొంటున్నాము.

వస్సలామ్.